సత్యవతి పిన్ని సోమవారాలు

మొన్న టోలీచౌకిలో ఒక దుకాణం ముందు కాళ్ళు ఆగిపోయాయి. గల్ఫ్ నుంచి వచ్చే సబ్బులు, ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు అమ్మే చిన్న కొట్టు అది. గుమ్మం దగ్గర గోనెసంచిలో నల్లగా ఎండి గట్టిపడ్డ నిమ్మకాయలు పోసి ఉన్నాయి. ఒకటి తీసి గోటితో గిల్లి వాసన చూశాను. పులుపూ, పొగా, కొంచెం చేదూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టాయన కంగారుగా చూస్తే, ఘాటుగా ఉందని సర్దిచెప్పి ఒక పొట్లం కట్టించుకున్నాను. ఈ కాయను బహ్రెయిన్‌లో లూమీ అంటారు. అక్కడివాళ్ళు మాంసం కూరల్లో వేసుకుంటారు. చేపల పులుసులో చింతపండు తగ్గించి దీన్ని వేసే గోదావరి మనిషిని మాత్రం నా జన్మలో ఒక్కరినే చూశాను.

ఆమె పేరు సత్యవతి. రాజోలు పక్కన ఏదో లంక ఊరు. నేనేమో జగిత్యాల పిల్లను. హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడాదిలో ఆరు నెలల శిక్షణ కోసం బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో ఒక హోటల్‌కు వెళ్ళినప్పుడు, అక్కడ నాలుగో అంతస్తు గదులన్నిటికీ ఆమె సూపర్‌వైజరు. యాభై దాటిన పొట్టి మనిషి. నడిస్తే చప్పుడు ఉండేది కాదు, మాట్లాడితే మాత్రం అంతస్తు మొత్తానికీ వినబడేది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట ఒక బహ్రెయినీ ఇంట్లో పనికి వచ్చింది. ఆ ఇంటి ముసలమ్మకు చివరిదాకా సేవ చేసింది. ముసలమ్మ పోయాక ఇంటి యజమాని, అంటే ఈమె వీసాకు పూచీ పడ్డ కఫీల్, నలుగురికి చెప్పి హోటల్లో చేర్పించాడు. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా అరబ్బీ గడగడా మాట్లాడేది. ఇంగ్లీషు అవసరమైనంత వరకే.

నేను బయల్దేరిన రోజు మా ఇంట్లో పెద్ద రభస. మావాళ్ళకు బహ్రెయిన్ అన్నా, కువైట్ అన్నా, మస్కట్ అన్నా అంతా దుబాయే. మా మేనమామ పన్నెండేళ్ళు అక్కడి లేబర్ క్యాంపులో పడుకొని వచ్చినవాడు కాబట్టి, దుబాయి అంటే కష్టం చేసుకునే మగవాళ్ళు పోయే చోటు అని మా నాన్న లెక్క. "దుబాయి పోయి రూములు ఊడ్శేటందుకా బిడ్డా, నిన్ను గింత సదివిచ్చింది?" అన్నాడు. "రూములు కాదు నాయినా, ఆఫీసుల ట్రైనింగు" అని తడుముకోకుండా చెప్పేశాను. మంచి మాటలు రాసిన సర్టిఫికెట్ చేతబట్టుకొని వస్తేనే ఆయన నన్ను ఉద్యోగానికి పంపుతాడు, మధ్యలో తిప్పి పంపితే చదువూ ఖలాస్, ఉద్యోగమూ ఖలాస్. ఇది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. విమానం ఎక్కేటప్పుడు నా దగ్గర ఉన్న ధైర్యమల్లా ఆ అబద్ధమే.

మొదటి రోజే బాత్రూము కడగమన్నారు. చేతికి తొడుగులు వేసుకొని, బ్రష్షును రెండు వేళ్ళతో పట్టుకొని నిలబడ్డాను. వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏంటే అమ్మాయ్, పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నావు? ఇంట్లో కడగవా?"

"కడుగుత ఆంటీ. మా ఇంట్లది మాదే గదా."

"ఇదీ నీదేనే. సాయంత్రం నాలుగింటిదాకా ఈ పన్నెండు గదులూ నీయే. ఆ తర్వాత ఎవడిదో మనకెందుకు? ఆంటీ గీంటీ అనకు. పిన్నీ అను."

మా వైపు పిన్నిని చిన్నమ్మ అంటాం. నాకు అలవాటు లేని పిలుపది, రెండు రోజులు నోరు తిరగలేదు. ఆమె మాత్రం నా తెలుగును పట్టుకొని తెగ ఆటపట్టించేది. "గట్లనా, గిట్లనా" అని నా మాటలు నాకే అప్పజెప్పి నవ్వేది. నేనూ తక్కువ తినలేదు. "వత్తన్నానండి, పోతన్నానండి" అని ఆమెను వెక్కిరించేదాన్ని. మేమిద్దరం కలిసి ఒక మంచం సర్దితే, ఆ దుప్పటికి నాలుగు మూలలూ కుదిరేసరికి నాలుగు సార్లు నవ్వుకునేవాళ్ళం.

గది శుభ్రం చేశాక చూసుకోవడంలో ఆమెది ఒక పద్ధతి. మేమంతా నిలబడి చుట్టూ చూసి వెళ్ళిపోతాం కదా, ఆమె అలా కాదు. మంచం అంచున కూర్చొని చూసేది, కుర్చీలో కూర్చొని చూసేది, చివరికి బాత్రూములో కమోడు మూత మీద కూర్చొని కూడా చూసేది. "నిలబడితే నీకు కనపడదే. కూకున్నోడికి కనపడుద్ది" అనేది. నిజంగానే అలా కూర్చుంటే అద్దం కింద అంచున ఉన్న సబ్బు మరక కనబడేది, సోఫా కింద పడ్డ చాక్లెట్ కాగితం కనబడేది. కాలేజీలో మూడేళ్ళు చదివిన పుస్తకాల్లో ఈ సంగతి లేదు.

బహ్రెయిన్‌లో ఊరందరికీ సెలవు శుక్ర, శనివారాలు. హోటలు వాళ్ళకు సరిగ్గా ఆ రెండు రోజులే ఊపిరి సలపదు. సౌదీ నుంచి సముద్రం మీది వంతెన దాటి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. అందుకని మాకు సెలవు సోమవారం. నేనుండేది హూరాలో హోటలు వాళ్ళు ఇచ్చిన ఫ్లాటు. నాతో పాటు ముగ్గురు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. రెండు వీధుల అవతల పిన్ని గది. చేరిన మొదటి సోమవారమే స్టీలు కేరియర్ పట్టుకొని మా మెట్ల కింద నిలబడింది. "దేశం కాని దేశం వచ్చి గోడలు చూత్తా కూకుంటావా? దిగు" అంది. ఆ రోజు మనామా బజారంతా తిప్పింది. కుంకుమపువ్వు ఎలా వాసన చూడాలో, దుకాణంలో అడుగుపెట్టగానే ఎలా పలకరించాలో నేర్పింది. "ముందు సలాం చెప్పాలి, తర్వాత సామాన్ అడగాలి. మన ఊళ్ళోలాగ అది ఇయ్యి, ఇది ఇయ్యి అంటే మొహం మాడ్చుకుంటారు" అని చెప్పి, నాతో నాలుగు కొట్ల దగ్గర సలాం చెప్పించింది. సాయంత్రానికి నాకు ఆ ఊరంటే భయం పోయింది.

మూడో వారంలో జరిగింది అసలు సంగతి.

అది గురువారం మధ్యాహ్నం. హౌస్‌కీపింగ్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి రాలేదు. మా మేనేజరు గ్రేస్, ఆమెదీ ఫిలిప్పీన్సే, నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి వైర్‌లెస్ సెట్టు ఇచ్చింది. ఒక్కో అంతస్తు సూపర్‌వైజరును పిలిచి, ఏ గది తయారైందో కనుక్కొని కంప్యూటర్లో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టిన మరుక్షణం కింద రిసెప్షన్ వాళ్ళు ఆ గది తాళం కార్డు కొత్త అతిథికి ఇచ్చేస్తారు. వైర్‌లెస్‌లో అక్కా, పిన్నీ అని పిలవకూడదు, అందరూ మేడమే. అప్పటిదాకా నేను పిన్ని పక్కనే ఉండి పని చేశాను. దూరం నుంచి పిలవాల్సి రావడం అదే మొదటిసారి.

"సత్యవతి మేడం, ఫోర్ ట్వెల్వ్ అయిందా?" అన్నాను.

అటు నుంచి గరగరల మధ్య, "ఆయె" అని వినబడింది.

మా వైపు పని అయిపోయిందని చెప్పడానికి అంతకంటే తేలిక మాట లేదు. అన్నం ఆయె, స్నానం ఆయె, పని ఆయె. నాలుగు వందల పన్నెండుకు గుర్తు పెట్టేశాను. పది నిమిషాల్లో నాలుగో అంతస్తు నుంచి కేక వినబడింది.

ఆ గదిలో ఉన్న సౌదీ కుటుంబం పొద్దున్నే బిల్లు కట్టేసింది, నిజమే. కానీ ఇంటి పెద్దావిడ మధ్యాహ్నం నమాజు చేసుకొని బయల్దేరతామని పిన్నిని అరగంట గడువు అడిగింది. పిన్ని సరేనంది. ఐసు ముక్కల కోసం మనవరాలు బయటికి వెళ్ళడంతో లోపల గొళ్ళెం వేసుకోలేదు. కార్డు తీసుకొని వెళ్ళిన మగమనిషి తలుపు తీసేసరికి, ముసలావిడ నమాజు చాప మీద ఉంది, కోడలు జుట్టు విరబోసుకొని అద్దం ముందు ఉంది. అతను వెంటనే వెనక్కి తగ్గాడు గానీ, జరగాల్సిన అవమానం జరిగిపోయింది. ఆ కుటుంబానికి వచ్చిన కోపం న్యాయమైన కోపం. హోటలు పెద్దలందరూ వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డారు. వాళ్ళకు అరబ్బీలో సర్దిచెప్పి, ముసలావిడ చేయి పట్టుకొని కారుదాకా దింపింది మాత్రం పిన్నే.

తర్వాత గ్రేస్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచింది. "గది తయారని నీకు ఎవరు చెప్పారు?" అని నన్ను అడిగింది. "సత్యవతి మేడం చెప్పారు" అన్నాను. నేను విన్నది అదే కాబట్టి నా గొంతు వణకలేదు. పిన్ని నా వైపు తిరిగి చూసింది. "నన్ను ఎవరూ ఆ గది గురించి అడగలేదు మేడం" అంది. గ్రేస్ మళ్ళీ అడిగింది. పిన్ని మళ్ళీ ఆ ముక్కే చెప్పి ఊరుకుంది. కంప్యూటర్లో టైము ఉంది, ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పే నేనున్నాను. పిన్ని వైపు ఏముంది? సాయంత్రానికి ఆమె ఫైల్లో ఒక నోటీసు చేరింది. మర్నాటి నుంచి ఆమెకు నాలుగో అంతస్తు లేదు, కింద బేస్‌మెంటులో లాండ్రీ డ్యూటీ. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. రెండు నెలల్లో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ ఇచ్చే సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇవ్వకపోతే దేశం వదిలి వెళ్ళిపోవాల్సిందే. కాకినాడలో నర్సింగ్ చదువుతున్న మనవరాలికి ఇంకో ఏడాది చదువుంది, ఆ పిల్లకు ఈమె తప్ప వెనక ఎవరూ లేరు.

నాకు జాలి వేయాలి కదా. వేయలేదు. మండిపోయింది. నా చెవులతో నేను విన్నాను, చెప్పి కూడా చెప్పలేదంటుందేమిటి, ఇంత పెద్ద మనిషి అయ్యుండి, అని లోలోపల కుతకుతలాడిపోయాను. నన్ను మూడో అంతస్తుకు మార్చారు. అదీ మంచిదే, మొహం చూడక్కర్లేదు అనుకున్నాను.

సోమవారం వచ్చింది. తలనొప్పి అని ఫోన్లో చెప్పి దుప్పటి ముసుగు పెట్టాను. కాసేపటికి కింద వీధిలోంచి, "ఓ స్రవంతీ! నువ్వు దిగుతావా, నన్ను ఎక్కమంటావా?" అని కేక. హూరాలో ఆ వీధి ఇరుకు. ఎదురు బాల్కనీల్లోకి మనుషులు వచ్చి చూస్తున్నారు. పరువు పోతుందని దిగాను.

ఎర్ర బస్సు ఎక్కి పాత కోట దగ్గరికి వెళ్ళాం. సముద్రం పక్కన ఇసుకరంగు రాతి గోడలు, ఖర్జూరపు చెట్లు, చలికాలపు గాలి. పిన్ని ఒక రాతి మీద న్యూస్‌పేపర్ పరిచి కేరియర్ విప్పింది. అక్కడి సముద్రంలో దొరికే సాఫీ అనే చేపతో పులుసు, పైన తేలుతూ పగలగొట్టిన లూమీ కాయ. కోపమంతా కడుపులోకి చేరి ఆకలైందో ఏమో, మారు మాట లేకుండా తిన్నాను. జరిగిన దాని గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. తన ముసలమ్మ కబుర్లు చెప్పింది. ఆ ముసలమ్మే ఈ కాయ వేయడం నేర్పిందట. మొదట్లో "ఈ నల్లకాయేంటి, విషమేమో" అని భయపడి కూర పారబోసిందట. ఉన్నట్టుండి అడిగింది.

"బాత్రూములు కడుగుతన్నానని మీ నాన్నకి చెప్పేవా?"

"చెప్పలే."

"నేను పాచిపని చేత్తన్నానని మా ఇంట్లో చెప్పడానికి నాలుగేళ్ళు పట్టింది. నర్సమ్మనని చెప్పుకున్నాను. అన్నాళ్ళు దాచకే. దాచిన మాట మోయలేం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధం ఆడిన మనిషి నాకు నిజం నేర్పడమా? చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి నన్ను మంచి చేసుకుంటోంది, ఈ పులుసు అందుకే, ఈ కోట అందుకే, అని తేల్చేసుకున్నాను. తేల్చుకొని రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

రెండో సోమవారం ముహర్రక్ వెళ్ళాం. కొయ్య పడవలు చేసే చోటు చూపించింది, పాత ఇళ్ళ మధ్య సందుల్లో నడిపించింది. హల్వా అమ్మే ముసలాయన దగ్గర నిలబడి ఆయన మనవళ్ళ క్షేమ సమాచారాలన్నీ అడిగింది. ఆయన "యల్లా, యల్లా", అంటే కానియ్యి కానియ్యి అంటూ గరిటెడు వేడి హల్వా నా అరచేతిలోనే వేశాడు. చేయి కాలి నేను గంతులేస్తుంటే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఎంత బాగా నటిస్తోంది అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది గానీ, అప్పుడు అలాగే అనుకున్నాను.

మూడో సోమవారం జిదాఫ్స్. అక్కడి బజారులో వీర్రాజు అని పిన్ని పక్క ఊరివాడు దర్జీ కొట్లో పని చేస్తాడు. నా యూనిఫాం నడుము దగ్గర వదులైతే బిగించాలని నన్ను అతని దగ్గర కూర్చోబెట్టి, ఆమె కూరగాయలకు వెళ్ళింది. వీర్రాజు తల వంచుకొని మిషను తొక్కుతున్నాడు. గుమ్మంలోంచి ఒక పెద్దాయన, మాటను బట్టి గోదావరి మనిషే, "వీర్రాజూ, నా చొక్కా అయ్యిందా?" అన్నాడు.

"ఆయ్!" అన్నాడు వీర్రాజు, తలెత్తకుండానే.

"ఎప్పుడిత్తావు మరి?"

"ఎల్లుండి ఇచ్చేత్తానండి. ఇంకా బట్ట కొయ్యలేదండి."

పెద్దాయన సరేనని వెళ్ళిపోయాడు. నేను అలమార వైపు చూశాను. కట్టిన దారం కూడా విప్పని బట్ట, మీద పేరు రాసిన చీటీ.

"అన్నా, ఇప్పుడు ఆయె అన్నరు గదా? బట్ట గూడ కొయ్యలేదంటున్నరు?"

"ఆయె కాదండి. ఆయ్ అన్నానండి."

"అంటే? అయిపోయిందని కాదా?"

అతను మిషను ఆపి నన్ను వింతగా చూశాడు. "అయిపోతే అయిపోయిందండి అంటాం కదండి. ఆయ్ అంటే... పెద్దోరు పిలిత్తే పలకాలి కదండి! ముందు పలికేత్తాం. పని సంగతి తర్వాత."

సినిమాల్లో వినలేదా అంటారేమో. విన్నాను. అందులో ఆ మాట అనేవాళ్ళు చేతులు కట్టుకొని, నడుము వంచి, నవ్వించడానికి అంటారు. బతికున్న మనిషి పనిలో తల మునకలై ఉండి, ఎవరో మేడం అని పిలిస్తే ఆఫీసు వాళ్ళనుకొని, అలవాటుగా పలికే పలుకు ఎలా ఉంటుందో నేను వినలేదు. విన్నా నా చెవి దాన్ని మా జగిత్యాల మాటగా మార్చేసుకుంది. ఆ గరగరలో పిన్నికి వినబడింది తన పేరు ఒక్కటే. నన్నెవరూ గది గురించి అడగలేదు అని ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

పిన్ని తోటకూర కట్టలతో తిరిగొచ్చింది. "ఏంటే మొహం అలా పాలిపోయింది, ఎండ దెబ్బా?" అంది. ఏం లేదన్నాను. బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి కునుకు తీసింది, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గ్రేస్‌కు చెబితే నా సర్టిఫికెట్ ఏమవుతుంది? మధ్యలో పంపేస్తే నాన్న ముందు ఏ మొహం పెట్టుకొని నిలబడాలి? పిన్నిని లేపి ఆమెకే ముందు చెబుదామా అనుకున్నాను. చెబితే "పోనీలేవే, చిన్నపిల్లవి, ఎందుకు నీకు" అంటుందేమో. ఆమె వద్దంటే నేను హాయిగా ఊరుకుంటానేమో. నా భయం అది. అందుకే లేపలేదు.

మర్నాడు డ్యూటీకి గంట ముందే వెళ్ళి గ్రేస్ గది ముందు నిలబడ్డాను. జరిగింది చెప్పడానికి నాకు వచ్చిన ఇంగ్లీషంతా సరిపోలేదు. "మా ఊళ్ళో ఆయె అంటే అయిపోయిందని. ఆమె ఊళ్ళో ఆయ్ అంటే పలికానని" అన్నాను.

"మీ ఇద్దరిదీ ఒకే భాష కాదా?"

"ఒకటే మేడం."

"మరి?"

"ఒకటే. కానీ రెండు."

"మా దేశంలో ఒక మాట ఉంది," అంది గ్రేస్. "రాజధాని వైపు ఆ మాటకు చీమ అని అర్థం. నేను పుట్టిన దీవిలో పిట్ట అని." ఆమె నవ్వింది గానీ అంతలోనే నవ్వు ఆపేసింది. "ఆమె తప్పు లేదని అర్థమైంది. నీ తప్పు పోలేదు. గదిని చూడకుండా, ఎవరినీ పంపి చూపించకుండా, ఒక్క పలుకు విని గుర్తు పెట్టావు. లోపల ఎవరున్నారో నీకు తెలియదు."

నేను తల వంచుకొని అవునన్నాను. నన్ను తిప్పి పంపలేదు. కానీ శిక్షణ పత్రంలో ఆ నెలకు సున్నా పడింది. ఆ సున్నా వల్ల కాలేజీ క్యాంపస్ ఇంటర్వ్యూల్లో నా ముందు నుంచే వెళ్ళిపోయిన ఉద్యోగం, ఏడాది ఆలస్యంగా ఇంకోచోట దొరికింది. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి, నేను చేసేది గదులూ బాత్రూములూ కడిగే పని అని చెప్పాను. నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, "చేతులకేమన్న పూస్కుంటున్నవా, మందుల నీళ్ళు గదా" అన్నాడు. పిన్ని ఫైల్లోంచి నోటీసు తీసేశారు. వారంలో నాలుగో అంతస్తు ఆమెకు తిరిగి వచ్చింది, నెలాఖరుకు కాంట్రాక్టు కూడా. మనవరాలు నర్సయ్యేదాకా ఆమె అక్కడే ఉంది. ఇప్పుడు రాజోలు దగ్గరే, ఆ పిల్లతోనే ఉంటోంది. నేను హైదరాబాదులో ఒక హోటల్లో హౌస్‌కీపింగ్ మేనేజర్నయ్యాను. నా కింద పనిచేసే పిల్లలెవరైనా తప్పు చేసి వస్తే, వాళ్ళు చెప్పింది ఏ ఊరి చెవితో విన్నానో నన్ను నేను ఒకసారి ప్రశ్నించుకుంటాను. అప్పుడు కూడా ఒక్కోసారి తొందరపడతాను.

నోటీసు తీసేసిన రోజు మధ్యాహ్నం స్టాఫ్ కేంటీన్లో ఆమె ఎదురుగా కూర్చున్నాను. గ్రేస్ ఆమెకు అంతా చెప్పేసింది. పిన్ని టీ చల్లారబెట్టుకుంటూ, "ఆయె అంట, ఆయె!" అని తనలో తాను ఒకటే నవ్వు. క్షమించమని అడిగాను. చేత్తో తోసేసింది. అప్పుడు నాకో అనుమానం వచ్చింది.

"మరి ఇన్ని దినాలు నేను గట్లెందుకు చెప్పిన్ననుకున్నరు పిన్నీ?"

"ఎందుకేంటే? భయపడి అబద్ధం ఆడేసేవనుకున్నాను. పరాయి దేశం, చిన్నపిల్లవి, ఇంటికి పంపేత్తారని కంగారుపడ్డావు అనుకున్నాను."

"అబద్ధం చెప్పి మీ డ్యూటీ తీయించిన్నని అనుకొని, మూడు సోమవారాలు నాకు బువ్వ పెట్టిండ్రా?"

ఆమెకు నా ప్రశ్న సరిగా అర్థం కాలేదనుకుంటాను. అందులో అడగాల్సిందేముందో తెలియనట్టు చూసింది.

"సెలవు రోజు కదే," అంది. "అబద్ధం ఆడినోళ్ళకి ఆకలెయ్యదా ఏంటి?"

ఆ రోజు నేను ఆమెకు చెప్పలేకపోయిన మాట ఒకటుంది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడినా నోరు రాలేదు, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆ మూడు వారాలూ మేమిద్దరం ఒకరినొకరు అబద్ధాలకోరు అనే అనుకున్నాం. ఆమె అలా అనుకొని నాకు వండి తెచ్చింది. నేను అలా అనుకొని తిన్నాను.